గీతలు ఎవరు చదవాలి?

కిందటి నెల హిందూపురంలో జరిగిన సంఘం సమావేశానికి ఒక అక్క తన చెల్లెలి కాగితాలు తీసుకుని వచ్చింది. ప్లాస్టిక్ సంచిలో మడతలు పడ్డ మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, రేషన్ కార్డు జిరాక్సు, వాటి మధ్య గులాబీ గళ్ల కాగితం ఒకటి. దాని మీద గీతలు సగం చెరిగిపోయాయి. చెల్లెలికి నలభై ఆరేళ్లు. బట్టల కంపెనీలో కుట్టుపని చేసేది. ఒకరోజు మధ్యాహ్నం మిషను ముందు కూర్చుని ఉండగానే చెమటలు పట్టి, దవడ లాగి, రెండుసార్లు వాంతి అయింది. "గ్యాసు పైకి తన్నిందేమోమా, పడుకుంటే పోతాదిలే" అన్నారు తోటివాళ్లు. ఊళ్లో వైద్యం చేసే ఆయన ఒక ఇంజెక్షను ఇచ్చి, నాలుక కింద ఒక మాత్ర పెట్టాడు. ఆమె కళ్లు తిరిగి పడిపోయింది. సాయంత్రం ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఈసీజీ తీశారు. డాక్టరుగారు కాగితం చూసి, ఆడవాళ్లకు ఈ వయసులో మామూలే, గ్యాసూ దిగులూ అని పంపేశారు. బయటికి వస్తుంటే ఈసీజీ తీసిన నర్సు వెనకాలే వచ్చి, "అనంతపురం తీసుకుపోండక్కా, ఇప్పుడే పోండి. నేను చెప్పినానని మాత్రం ఎవరితోనూ అనొద్దండి" అన్నదట.

వాళ్లు ఆ రాత్రి పోలేదు. నర్సు మాట వినాలా, డాక్టరు మాట వినాలా? ఏ ఇంట్లోనైనా ఆ రాత్రి జరిగే లెక్క ఒకటే. ఆమె బతికింది. కానీ ఇప్పుడు నిండు బిందె ఎత్తలేదు, మెట్లెక్కలేదు, కంపెనీ పని పోయింది. ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకుని చూసిన మా డాక్టరు స్నేహితురాలు కాసేపు మాట్లాడలేదు. రెండు, మూడు, ఏవీఎఫ్ అనే మూడు లీడ్లలో గీత ఎత్తుగా లేచి ఉంది. గుండె కింది గోడకు రక్తం ఆగిపోయిందని అది చెబుతోంది. అలాంటి గుండెపోటులో కుడివైపు కూడా దెబ్బతిని ఉంటే నాలుక కింద మాత్ర రక్తపోటును ఒక్కసారిగా దించేస్తుంది. మధ్యాహ్నం ఆమె పడిపోవడానికి అదే కారణమై ఉండవచ్చు.

ఈ సంచికకు సంపాదకీయం దేని మీద రాయాలా అని చాలా చర్చించుకున్నాం. ఇది హక్కుల పత్రిక, ఈసీజీ గురించి మనకెందుకు అన్నారు కొందరు. ఆ నర్సు మాట విన్న తరువాత మాకు ఆ సందేహం లేదు. ఆమెకు తెలుసు. తెలిసినది చెప్పే హక్కు లేదు. మన సంచికల్లో ఎన్నిసార్లు ఏ విషయం మీద రాసినా చివరికి తేలేది ఇదే కదా.

ఈసీజీ అంటే నిజానికి ఏమిటి? గుండె ఒకసారి కొట్టుకోవడానికి ముందు దాని కండరంలో సన్నటి విద్యుత్తు పారుతుంది. అది చర్మం దాకా వస్తుంది. చేతులకూ కాళ్లకూ నాలుగు, ఛాతీ మీద ఆరు, మొత్తం పది చోట్ల తీగలు అంటించి ఆ విద్యుత్తును పన్నెండు కోణాల నుంచి గీయిస్తారు. అంతే. హాలెండులోని లైడెన్‌లో ఐంతోవెన్ అనే శాస్త్రవేత్త 1900ల మొదట్లో దీనికి పనికొచ్చే యంత్రం చేశాడు. అప్పుడది దాదాపు 270 కిలోల బరువు. నడపడానికి అయిదుగురు కావాలి. రోగి చేతులూ కాలూ ఉప్పునీళ్ల జాడీల్లో పెట్టి కూర్చోవాలి. ఆ పనికి 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈరోజు ఆ యంత్రం చంకన పెట్టుకుని పోయేటంత అయింది. పెనుకొండ పక్కన పల్లెలో క్యాంపు పెడితే బ్యాగులోంచి తీసి బల్ల మీద పెడతారు. యంత్రం ఇంత దూరం వచ్చింది గానీ దాన్ని చదివే అధికారం మాత్రం ఇంకా బెంగుళూరు దాటి రాలేదు.

నేను సమాజశాస్త్రం చదివినదాన్ని. నాకు ఈ గీతలతో పని లేదనే అనుకునేదాన్ని. కానీ మా స్నేహితురాలు స్టాఫ్ నర్సులకూ, పీహెచ్‌సీల్లో కొత్తగా చేరిన డ్యూటీ డాక్టర్లకూ మూడు రోజులు ఈసీజీ చదవడం నేర్పుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. మొదటి గంటలో ఆమె గుండె గురించి ఒక్క మాట చెప్పలేదు. గళ్లు లెక్కపెట్టించింది. కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. చిన్న గడి 0.04 సెకను, అయిదు చిన్న గళ్లు కలిస్తే ఒక పెద్ద గడి, అంటే 0.2 సెకను. రెండు కొట్టుకోవడాల మధ్య ఎన్ని పెద్ద గళ్లున్నాయో చూసి 300ని దానితో భాగిస్తే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. నాలుగు గళ్లుంటే 75, రెండే ఉంటే 150. గదిలో ఎవరో "ఇంతేనా మేడం?" అన్నారు. ఇంతే. ముగ్గు వేసేవాళ్లకు చుక్కల లెక్క చెప్పనక్కర్లేదు.

తరువాత క్రమం. వేగం, లయ, గీతకూ గీతకూ మధ్య దూరం సమంగా ఉందా, మొదటి చిన్న గుట్ట ప్రతిసారీ ఉందా, దాని తరువాత ఎంతసేపటికి పెద్ద శిఖరం వస్తోంది, ఆ శిఖరం సన్నగా ఉందా వెడల్పుగా ఉందా, శిఖరం దిగిన తరువాత గీత నేల మీదకు వచ్చిందా, గాలిలోనే ఉండిపోయిందా. ఆ చివరి ప్రశ్నలోనే గుండెపోటు ఉంటుంది. దాన్నే ఎస్టీ సెగ్మెంట్ అంటారు. కొత్తవాళ్లు నేరుగా అక్కడికే పరుగెత్తుతారు, మిగతాది వదిలేస్తారు. అది తప్పు. ఎప్పుడూ ఒకే వరుసలో చూడాలి, తొందర ఉన్నప్పుడు మరీను. యంత్రం పైన ఇంగ్లీషులో అచ్చువేసే తీర్పును అరచేత్తో మూసి, ముందు మన తీర్పు రాసుకుని, తరువాత చెయ్యి తీసి పోల్చుకోవాలి. యంత్రం అబద్ధమూ చెబుతుంది, నిజమూ చెబుతుంది. ఎప్పుడు ఏది చెబుతోందో మనకు తెలియాలంటే మన మాట ముందు ఉండాలి. ఇది గుండె జబ్బులకే పరిమితమైన సూత్రం కాదని వెనక బెంచీలో నాకు అనిపించింది గానీ పాఠం మధ్యలో మాట్లాడలేదు.

శిక్షణకు వచ్చిన ఒక యువ డాక్టరు భోజనాల దగ్గర చెప్పిన విషయం నన్ను ఆలోచింపజేసింది. అయిదున్నరేళ్ల చదువులో ఆమె కొన్ని వందల ఈసీజీలు తీసిందట. హౌస్ సర్జన్సీలో "ఈసీజీ తీసి పట్టుకురా" అనేవారు. తెస్తే పెద్ద డాక్టరు తీసుకుని చూసి పక్కన పెట్టేవారు. "నువ్వేమనుకుంటున్నావు" అని ఎవరూ అడగలేదు. ఇప్పుడు రాత్రి డ్యూటీలో ఒక్కతే. గుండె నొప్పి అని ఎవరైనా వస్తే, ఫోటో తీసి ఫోనులో ఎవరికో పంపి జవాబు కోసం చూస్తూ కూర్చుంటుంది. "అర్థం కాక కాదక్కా, అర్థమైనట్టే ఉంటుంది. తప్పైతే ఆడపిల్లకేం తెలుసంటారు. మగపిల్లాడి తప్పు వాడొక్కడి తప్పే కదా" అన్నది. అజ్ఞానం అనుకునేదానిలో ఎంత భాగం భయమో ఈ లెక్క ఎవరూ వేయలేదు. భయానికి మందు మరో లెక్చరు కాదు. రోజుకు నాలుగైదు కాగితాలు చదవడం, చదివింది తేదీ వేసి రాసిపెట్టుకోవడం, ఆ రోగికి తరువాత ఏమైందో ఫోను చేసి కనుక్కోవడం. మూడో పని దాదాపు ఎవరూ చేయరు. పై ఆసుపత్రికి పంపిన రోగి గురించి కింది ఆసుపత్రికి ఎవరూ చెప్పరు గనక తాను చదివింది ఒప్పో తప్పో ఆమెకు ఎన్నేళ్లయినా తెలియదు.

ఇక ఆ ఆరు తీగల సంగతి. పుస్తకంలో బొమ్మ ఎప్పుడూ మగవాడి ఛాతీదే. నాలుగో పక్కటెముకల సందులో రొమ్ము ఎముకకు అటూ ఇటూ మొదటి రెండు. అయిదో సందులో, కాలరెముక మధ్య నుంచి కిందికి గీసిన గీత మీద నాలుగోది. ఆ రెంటి మధ్య మూడోది. నాలుగోదానికి సమాన ఎత్తులో చంక వైపు అయిదోది, ఆరోది. బొమ్మలో తేలిక. బల్ల మీద స్త్రీ పడుకుంటే నాలుగు, అయిదు, ఆరు రొమ్ము కింద పడాలి. టెక్నీషియను మగవాడు, తెర లేదు, తలుపు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. ఆమె కొంగు గట్టిగా పట్టుకుంటుంది. అతను తల తిప్పుకుని, జాకెట్టు పై గుండీ ఒక్కటే తీయించి, చెయ్యి పట్టినంత వరకు అంటిస్తాడు. మొదటి రెండు తీగలు ఒకటి రెండు సందులు పైకి పోతాయి. అప్పుడు గీత మారిపోతుంది. ఎప్పుడో పాతగా గుండెపోటు వచ్చినట్టు లేనిది కనిపించవచ్చు, ఉన్నది కనిపించకపోవచ్చు. మర్యాద అనే మాటకు ఆమె చెల్లించే ధర అది. ఆ మర్యాద ఆమెకు ఎవరూ ఇవ్వలేదని కూడా గమనించాలి. తెర కట్టడానికి అయ్యే ఖర్చు ఒక దుప్పటి, రెండు మేకులు.

ధర్మవరంలో ఒక ముసలమ్మ తాళి తీయమన్నందుకు ఈసీజీ వద్దని లేచిపోయిందని ఒక నర్సు చెప్పింది. అందరూ నవ్వారు. కానీ తీయనవసరమే లేదు. తీగకు తగలకుండా భుజం మీదకు జరిపితే చాలు. గాజులూ అంతే, పట్టీని గాజులకు పైన పెట్టవచ్చు. కడియాలున్న కాలికి కడియానికి పైన. ఆమె నమ్మకంతో మనకు తగాదా ఉంటే అది మరోచోట పెట్టుకుందాం, నొప్పితో వచ్చిన రోజున కాదు. ఎర్ర తీగ కుడి చెయ్యి, పసుపు ఎడమ చెయ్యి, ఆకుపచ్చ ఎడమ కాలు, నలుపు కుడి కాలు. చేతుల తీగలు తారుమారైతే మొదటి లీడు తలకిందులుగా వస్తుంది. అది చూసి జబ్బనుకోకుండా మళ్లీ తీయాలి.

కొలతలు కూడా ఆడా మగా తేడా లేకుండా ఉండవు. ఛాతీ మీద రెండో, మూడో తీగల్లో గీత ఎంత లేస్తే గుండెపోటు అనాలో అంతర్జాతీయ ప్రమాణాలు వేరువేరుగా చెబుతున్నాయి. నలభై దాటిన మగవాళ్లకు 2 మిల్లీమీటర్లు, నలభై లోపు మగవాళ్లకు 2.5, స్త్రీలకు ఏ వయసులోనైనా 1.5. మగవాడి కొలబద్దతో చూస్తే ఆమె గుండెపోటు గుండెపోటు కాకుండా పోతుంది. మంచి యంత్రాలు వయసు, ఆడా మగా అని అడుగుతాయి. మేము చూసిన కాగితాల్లో చాలావాటి మీద ఆ గడులు ఖాళీగా ఉన్నాయి. పేరు కూడా లేనివి ఉన్నాయి. మరో సంగతి, మొదటి ఈసీజీ మామూలుగా ఉందంటే గుండెపోటు లేదని కాదు. నొప్పి ఉంటే పదిహేను ఇరవై నిమిషాల తరువాత మళ్లీ తీయాలి, మళ్లీ తీయాలి. "నార్మల్" అనే మాట ఒకసారి కాగితం మీద పడితే స్త్రీని ఇంటికి పంపడం ఎంత సులువో మనకు తెలుసు.

ఇది కేవలం మన జిల్లా వెనకబాటుతనం కాదు. అమెరికాలో ఆస్పిరిన్ గుండెపోటును ఆపుతుందా అని 1980లలో చేసిన పెద్ద అధ్యయనంలో 22,071 మంది డాక్టర్లు పాల్గొన్నారు, అందరూ మగవాళ్లే. అంతకు ముందు గుండె జబ్బు కారణాల మీద చేసిన మరో భారీ అధ్యయనంలో 12,866 మంది, వాళ్లూ మగవాళ్లే. 1991లో గుండె వైద్యురాలు బెర్నడిన్ హీలీ ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో సంపాదకీయం రాస్తూ, స్త్రీకి మగవాడితో సమానంగా గుండె వైద్యం అందాలంటే ముందు తన జబ్బు మగవాడి జబ్బు లాంటిదే అని నిరూపించుకోవలసి వస్తోందని ఎత్తిచూపింది. మగవేషం వేసుకుంటే తప్ప చదువు దొరకని ఒక కథలోని అమ్మాయి పేరును ఆ స్థితికి పెట్టింది. ఛాతీ మధ్యలో బండరాయి పెట్టినట్టు నొప్పి, ఎడమ చేతికి పాకడం, ఇది సినిమాల్లో హీరో తండ్రికి వచ్చే గుండెపోటు. స్త్రీలకు కూడా ఛాతీ నొప్పి ఎక్కువగానే వస్తుంది. కానీ దానితో పాటు, కొన్నిసార్లు దానికి బదులు, ఆయాసం, వాంతి, వీపు నొప్పి, దవడ లాగడం, చెప్పలేని నీరసం వస్తాయి. "ఎద బరువుగా ఉండాది" అనే మాట ఆమె అంటుంది. విన్నవాళ్లు దాన్ని దిగులు అని రాసుకుంటారు. ఒక్కోసారి అది దిగులే. కానీ అది తేల్చవలసింది కాగితం తీసిన తరువాత.

మన వైపు నుంచి కూడా ఒక ఒప్పుకోలు ఉంది. తొంభైల మొదట్లో అన్వేషి స్త్రీలు 'సవాలక్ష సందేహాలు' తెచ్చినప్పుడు మాకు అది ఎంత ధైర్యమిచ్చిందో ఇప్పటి పిల్లలకు చెప్పడం కష్టం. మన శరీరం గురించి మనం చదువుకోవచ్చు, డాక్టరును ప్రశ్న అడగవచ్చు అని నేర్చుకున్నది అలాంటి పుస్తకాలతోనే. కానీ ఆ తరువాత మన ఆరోగ్య చర్చ చాలాకాలం గర్భసంచి చుట్టూనే తిరిగింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, కాన్పులు, ఇంజెక్షన్ గర్భనిరోధకాలు. అవసరమే. అయితే ప్రభుత్వం స్త్రీని ఎక్కడ చూసిందో మనమూ అక్కడే చూశాం. నలభై దాటి పిల్లలు కనడం అయిపోయిన స్త్రీ ప్రభుత్వ లెక్కల్లోంచి పోయినట్టే మన మీటింగుల్లోంచీ పోయింది.

రెండూ వేరు కావు కూడా. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ముప్ఫైల్లోనే తీసేస్తారు, తరచు అండాశయాలతో సహా. ముట్లుడిగే వయసు రాకముందే అండాశయాలు పోతే గుండె జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. పదేళ్ల తరువాత ఆయాసంతో వచ్చినప్పుడు ఆ ఆపరేషను సంగతి ఎవరూ అడగరు. కేసు షీటులో ఆ ప్రశ్నే లేదు.

ఇంకా చిన్న వయసు వాళ్ల సంగతి మరీ కష్టం. చిన్నప్పుడు గొంతు నొప్పి, తరువాత కీళ్ల వాపు, జ్వరం. ఇరుకు ఇళ్లలో పెరిగే పిల్లలకు ఎక్కువగా వస్తుంది. అది తగ్గిపోతుంది, గుండె కవాటం మాత్రం మచ్చపడి ముడుచుకుంటూ పోతుంది. రుమాటిక్ గుండె జబ్బు అదే. పెళ్లయ్యేదాకా తెలియదు, తెలిసినా దాస్తారు, సంబంధం తప్పిపోతుందని. మూడు వారాలకొకసారి వేయించుకోవలసిన పెన్సిలిన్ ఇంజెక్షను పెళ్లితో ఆగిపోతుంది, అత్తగారింట్లో ఏమని చెప్పుకుంటుంది? గర్భం వచ్చి రక్తం పరిమాణం పెరిగినప్పుడు ఆ ఇరుకు కవాటం తట్టుకోలేదు. అయిదారు నెలల గర్భిణి రాత్రి పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చుంటోందంటే "కడుపుతో ఉన్నవాళ్లకు ఆయాసం మామూలే" అంటారు, రక్తహీనత అని ఐరన్ బిళ్లలిస్తారు. రక్తహీనత నిజంగానే ఉంటుంది కూడా. ఈసీజీలో అయితే మొదటి చిన్న గుట్ట రెండు మూపుల ఒంటెలా వెడల్పుగా కనబడవచ్చు. లేదా ఆ గుట్టే మాయమై, శిఖరాలు ఒక లెక్క లేకుండా వస్తుంటాయి. అప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు పోయే ప్రమాదం ఉంది. ఈ జబ్బును తేల్చేది స్టెతస్కోపూ ఎకో పరీక్షా గానీ ఈసీజీ కాదు. కానీ ఎకో ఊళ్లో లేదు. ఈసీజీ ఉంది. అనుమానం మొదలవడానికి అది చాలు. పుట్టపర్తిలో 1991 నవంబరు 22న మొదలైన సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్లు ఉచితం. ఆ తలుపు ఈ మూడు ఊళ్లకూ గంట గంటన్నర దూరం. పంపవలసినవాళ్లకు అనుమానమే రాకపోతే ఆ దూరం తరగదు.

గుండెపోటుకు మాత్రం అనుమానంతో సరిపోదు, గడియారం కూడా కావాలి. రక్తనాళంలో గడ్డ ఇరుక్కున్న తరువాత కండరం నిమిష నిమిషానికీ చచ్చిపోతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి గంటల్లో ఇస్తే మేలు ఎక్కువ, పన్నెండు గంటల తరువాత సాధారణంగా లాభం లేదు. రోగి వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి చదవాలని నియమం. 1988లో వెలువడిన ఒక ప్రసిద్ధ ప్రయోగం 17,187 మంది మీద జరిగింది. నెల రోజులు మామూలు ఆస్పిరిన్ బిళ్ల ఒక్కటే ఇచ్చినా అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల మరణాలు 23 శాతం తగ్గాయి. గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌తో కలిపి ఇస్తే 42 శాతం. ఆ బిళ్ల ప్రతి కిరాణా కొట్టులో దొరుకుతుంది. అయితే మన దేశంలో 20,937 మంది రోగులను నమోదు చేసి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, ఇలా గీత లేచిన గుండెపోటుతో ఆసుపత్రికి చేరేసరికే సగంమందికి 360 నిమిషాలు దాటిపోయాయి. నెల రోజుల్లో చనిపోయినవాళ్లు ఉన్నవాళ్లలో 5.5 శాతం, పేదవాళ్లలో 8.2 శాతం. పేదవాళ్ల గుండె వేరే కండరంతో చేసినది కాదు గదా.

తమిళనాడులో 2012-14 మధ్య చిన్న ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రికి కలిపి, ఈసీజీని అక్కడే తీసి, చదివి, గడ్డ కరిగించి, తరువాత పంపే పద్ధతి పెట్టి చూశారు. ఏడాదిలో మరణాలు 17.6 శాతం నుంచి 14.2కు తగ్గాయి. మన రాష్ట్రంలో కూడా 2023లో ఐసీఎంఆర్ సాయంతో ఇలాంటి స్టెమి కార్యక్రమం మొదలైంది. బజారులో ముప్ఫై నలభై వేలు పలికే టెనెక్టిప్లేజ్ ఇంజెక్షను ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇవ్వాలని దాని ఉద్దేశం. 2007లో ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. 2022 ఏప్రిల్‌లో ఆ జిల్లా రెండయి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చాయి. 2024 జూన్‌లో ఆరోగ్యశాఖ తీసుకున్న మంత్రి ధర్మవరం శాసనసభ్యుడు. కాబట్టి మన మాట వినడానికి ఎవరూ లేరని అనలేం. హిందూపురం నుంచి బెంగుళూరు నూరు కిలోమీటర్ల పైచిలుకు, అనంతపురం కూడా దాదాపు అంతే. ఈ దూరాల మధ్య ఇంజెక్షను ఫ్రిజ్‌లో ఉన్నా, కాగితం చదివి "ఇది అదే" అని చెప్పే మనిషి రాత్రి రెండు గంటలప్పుడు అక్కడ ఉండాలి. ఆ మనిషి తొంభై పాళ్లు ఒక నర్సు, లేదా చదువు ముగించి ఏడాది కూడా కాని ఒక డాక్టరు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. "నర్సులకు, ఎంఎల్‌హెచ్‌పీలకు ఈసీజీ నేర్పేద్దాం" అనగానే ప్రభుత్వానికి అందులో చవక కనబడుతుంది. స్పెషలిస్టు పోస్టు ఖాళీగానే ఉంచి కాంట్రాక్టు జీతం మీద పనిచేసే ఆడపిల్ల మీద ఆ బరువు పెట్టవచ్చు. పొరపాటు జరిగితే ఆమెనే సస్పెండ్ చేయవచ్చు. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షను కింద మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తలకు పరిమిత వైద్య లైసెన్సు ఇవ్వడానికి దారి ఉంది. దాన్ని డాక్టర్ల సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పల్లెల్లో రెండో రకం వైద్యం తెస్తారన్న వాళ్ల భయంలో కొంత నిజం ఉంది. కానీ అదే సంఘాలు మొదటి రకం వైద్యులను పల్లెకు పంపే మాట ఎప్పుడెత్తాయి? మేము అడుగుతున్నది డాక్టరు బదులు నర్సు కాదు. తాను చూసింది కేసు షీటులో తన సంతకంతో రాసే హక్కు, రాసినది చదవవలసిన బాధ్యత డాక్టరుకు ఉండటం, రాయడం వల్ల ఉద్యోగం పోకపోవడం. "ఈసీజీలో రెండు, మూడు, ఏవీఎఫ్‌లో ఎస్టీ లేచింది, డాక్టరుగారికి రాత్రి 7.40కి చెప్పడమైనది" అన్న ఒక్క వాక్యం ఆ నర్సు రాయగలిగి ఉంటే ఆమె గేటు దాకా వచ్చి గుసగుసలాడవలసిన పని లేదు.

మరోవైపు అనవసరపు ఈసీజీల వ్యాపారం ఉంది. తలనొప్పికీ ఈసీజీ, మోకాలి నొప్పికీ ఈసీజీ. తీసినందుకు డబ్బు, చదవనందుకు జవాబుదారీ లేదు. ఏ లక్షణమూ లేని ఆరోగ్యవంతురాలికి క్యాంపులో ఈసీజీ తీసి ఏదో చిన్న తేడా చూపి భయపెట్టి బెంగుళూరుకు బస్సెక్కించే వాళ్లను కూడా మేము చూశాం. చదవడం వస్తే ఎవరికి తీయనక్కర్లేదో కూడా తెలుస్తుంది.

మేము మొదలుపెట్టిన పని చిన్నది. మూడు ఊళ్లలో ప్రభుత్వాసుపత్రులకు వినతిపత్రాలు ఇస్తున్నాం. ఈసీజీ గదికి తెర, స్త్రీలకు స్త్రీ చేత ఈసీజీ తీయించడం, తీసిన టైము కాగితం మీద వేయడం, వయసూ ఆడా మగా యంత్రంలో నింపడం, చదివినవాళ్ల పేరు రాయడం, ఒక కాపీ రోగి చేతికి ఇవ్వడం. గడ్డ కరిగించే ఇంజెక్షను ఉందా లేదా అన్నది బోర్డు మీద రోజూ రాయడం. అది ఇవ్వకూడని వాళ్లుంటారు. అంతకు ముందు మెదడులో రక్తస్రావం అయినవాళ్లు, పక్షవాతం ఈమధ్యే వచ్చినవాళ్లు, రక్తం కారుతున్నవాళ్లు. ఆ ప్రశ్నల పట్టిక తెలుగులో అచ్చువేసి యంత్రం పక్కన అంటించమని అడుగుతున్నాం.

సంఘాల్లో పనిచేసే అక్కలకు రెండు మాటలు. ఎవరిదైనా ఈసీజీ మీ చేతికొస్తే ఆ రోజే జిరాక్సు తీయించండి, ఫోనులో ఫోటో తీసి పెట్టండి. అది వేడికి రంగు వచ్చే కాగితం. ఎండకూ ఉక్కకూ ప్లాస్టిక్ సంచికీ తెల్లబడిపోతుంది. తరువాత గుండె బాగాలేనప్పుడు పాతదానితో పోల్చడానికి అదే ఆధారం, కేసు వేయవలసి వస్తే అదే సాక్ష్యం. రెండోది, ఎద బరువు, దవడ లాగడం, చెమట, కారణం లేని ఆయాసం వస్తే 108కి ఫోను చేసి, "ఈసీజీ తీసే ఆసుపత్రికి" అని అడగండి. గ్యాసు అని ఎవరైనా అంటే, కాగితం మీద అలా రాసి సంతకం పెట్టమనండి. ఆ సంతకం అడిగినప్పుడు ఇంకోసారి యంత్రం బయటికి తీసినవాళ్లను మేము చూశాం.

హిందూపురం అక్క చెల్లెలి కాగితం మా దగ్గర ఉంది. కనిపించినంతవరకు జిరాక్సు తీయించాం. శిక్షణ రెండో విడత ధర్మవరంలో పెడుతున్నాం. చెల్లెలు తన పేరు రాయకుండా ఆ కాగితాన్ని పాఠంలో వాడుకోవచ్చని చెప్పింది. గేటు దాకా వచ్చిన నర్సు కూడా ఆ విడతకు పేరు ఇచ్చింది. పనిచేసే చోటు పేరు మాత్రం ఫారంలో ఖాళీగా వదిలేసింది.